శాల కడిగిన నీళ్లు గెడ్డలో కలుస్తుంటే

ప్రశ్న: పెందుర్తి దగ్గర మాకు 24 గేదెలున్నాయి. శాల కట్టి 18 ఏళ్లయింది. పక్కన లేఅవుట్ వేసి నాలుగేళ్లే. కంపు కొడుతోందని, శాల కడిగిన నీళ్లు గెడ్డలో (వాగులో) కలుస్తున్నాయని ఆ ఇళ్లవాళ్లు ఫిర్యాదు చేస్తే, ఆర్డీవో గారి నుంచి సెక్షన్ 152 కింద ఉత్తర్వు వచ్చింది. ముందునుంచీ ఉన్నది మేమే కదండీ, శాల ఎత్తేయాలా?

జవాబు: ముందునుంచీ ఉన్నామన్న మాట మీద ఆశ పెట్టుకోకండి. నలుగురినీ ఇబ్బంది పెట్టే పని ఎన్నేళ్లు చేసినా హక్కు కాదు. 1974 నాటి జల కాలుష్య చట్టం సెక్షన్ 24 చూసేది మురుగు ఎందులో కలుస్తోందన్నదే. మీ గెడ్డ మేహాద్రి రిజర్వాయరు వైపు పారేదైతే అది విశాఖ జనం తాగే నీరు.

అయితే వచ్చింది తుది ఉత్తర్వు కాదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద మొదట ఇచ్చేది షరతు ఉత్తర్వు: గడువులోగా సరిచేయండి, లేదా హాజరై కారణం చెప్పండి అని. ఆ తేదీన వెళ్లకపోతే అదే ఖాయమైపోతుంది. దాన్ని సివిల్ కోర్టులో ప్రశ్నించడానికి వీల్లేదు, కాబట్టి ఇంజంక్షన్ తెస్తామనేవాళ్ల చేతిలో డబ్బు పోయకండి. అదే సెక్షన్ వృత్తిని నిషేధించడానికే కాదు, నియంత్రించడానికీ వీలిస్తుంది. మీరు అడగాల్సింది ఆ నియంత్రణే. కంపే లేదని వాదించకుండా పనుల ప్లాను, ఫొటోలు, పట్టే గడువు రాసివ్వండి. సెక్షన్ 158 కింద స్థల పరిశీలన, నిపుణుడి పరీక్ష కోరండి.

ప్లానులో ఏం ఉండాలంటే: పేడ, మూత్రం కలిసి నేల మీద నిలిస్తే అమ్మోనియా, గాలి తగలని గుంటలో మురిగితే కుళ్లిన గుడ్ల వాసన. నేలకు గజానికి అంగుళం వాలు ఇచ్చి, కడగకముందే పేడ పారతో ఎత్తేయాలి. గేదెకు 15 కిలోల లెక్కన రోజుకు 360 కిలోలు. గోబర్ గ్యాస్ కోసం దానికి సమంగా నీళ్లు కలిపితే 720 లీటర్లు. నలభై రోజులు నిలవాలంటే సుమారు 29 వేల లీటర్ల గోబర్ గ్యాస్ ట్యాంకు కావాలి. తప్పు జరిగేది ఇక్కడే: కడుగు నీళ్లు కూడా అందులోకే వదిలేస్తారు. గేదెకు వంద లీటర్లు, అంటే మరో 2,400 లీటర్లు పడితే సరుకు తొమ్మిది రోజులకే బయటికొస్తుంది. గ్యాసూ రాదు, సగం మురిగిన రొచ్చు ఊరంతా కంపు కొడుతుంది. ఫినాయిలు, బ్లీచింగు కలిసిన నీళ్లు పడినా లోపలి సూక్ష్మజీవులు చస్తాయి.

కడుగు నీళ్లకు జాలీ, తర్వాత రెండు గదుల తొట్టి. రెండో గదిలోకి పోయే పైపు మూతి నీటిమట్టానికి జానెడు కిందికి వంచాలి, లేకపోతే తేలే గడ్డీ తెట్టూ ఇరుక్కుని తొట్టి పొంగుతుంది. అడుగు మడ్డి వారానికోసారి తీసి ఎండుగడ్డితో కలిపి గత్తం (పశువుల ఎరువు) కుప్పలో వేయండి. బుడగలు లేస్తున్నాయంటే ఆలస్యమైనట్టే. తొట్టి దాటిన నీళ్లు ఎండ పడే లోతు తక్కువ చెరువులో నిలిచి, ఆపైన మేతకు పెంచే నేపియర్ గడ్డికి పారాలి. బీవోడీ (నీటిలోని మురుగును సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు గెడ్డలోకైతే 30 మిల్లీగ్రాములు, సాగుకైతే 100 మించకూడదు. తొట్టి ఒక్కదానితో అది 30కి దిగదు. అందుకే గెడ్డలోకి పోయే తూము సిమెంటుతో మూసేసి ఫొటో తీయండి.

వాన నీరు వేరే కాలువలో పోవాలి. 200 చదరపు మీటర్ల కప్పు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 20 వేల లీటర్లు. తుపాను రోజున అది తొట్టిలోకి దిగితే మీ ఏర్పాటంతా గెడ్డపాలే.

కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో కన్సెంట్ (మురుగు వదలడానికి మండలి ఇచ్చే అనుమతి) విషయం ఇప్పుడే తేల్చుకోండి. వాళ్లు మురుగునీటి నమూనాకు వస్తే ఇంట్లోనే ఉండండి. జల కాలుష్య చట్టం సెక్షన్ 21 ప్రకారం విశ్లేషణకని నోటీసు ఇచ్చి, మీ ఎదుటే నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకం చేయాలి. రెండో సీసాను ప్రభుత్వం నిర్దేశించిన ల్యాబుకు పంపమని అక్కడికక్కడే అడగండి. ఈ పద్ధతి తప్పితే ఆ రిపోర్టు మీపై సాక్ష్యంగా చెల్లదు. అదే చట్టం సెక్షన్ 33ఏ కింద కరెంటు తీసేయమని ఆదేశమొస్తే 30 రోజుల్లో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు వేయాలి. ఆ ఆదేశం అందిన తేదీని కవరు మీదే రాసి దాచుకోండి.