వార్డు ఇన్‌చార్జ్ అయిన మా చెల్లి కూతురికి

చిరంజీవి బంగారుతల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆసుపత్రిలో నిన్ను వార్డు ఇన్‌చార్జ్ నర్సుని చేశారని మీ అమ్మ చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. మంచి లీడర్ కావాలంటే ఏం చదవాలి, ఏం వినాలి అని నువ్వు పెట్టిన మెసేజ్ కూడా చూశాను. ఫోన్లో చెబితే డ్యూటీ హడావుడిలో సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

నెట్‌లో లీడర్ల కోసమని బోలెడు పుస్తకాల లిస్టులు దొరుకుతాయి. అవన్నీ కొని అలమరలో పెట్టుకోకు. ఒక పుస్తకం చదివాక, మర్నాడు డ్యూటీలో నువ్వు అడిగే ప్రశ్న ఒక్కటైనా మారాలి. మారలేదంటే అది నీకు ఇప్పట్లో పనికొచ్చేది కాదు, పక్కన పెట్టెయ్.

మొట్టమొదట ఫ్లారెన్స్ నైటింగేల్ రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' చదువు. ఆవిడ పేరు చెప్పి మే 12న, నర్సుల దినోత్సవం నాడు, దీపాలు వెలిగిస్తాం, ప్రతిజ్ఞ చేస్తాం, కానీ ఆవిడ రాసింది మాత్రం చదవం. 1859 నాటి పుస్తకం. రోగిని ఎలా గమనించాలి, ఏది ఎలా అడగాలి అన్నది అందులో ఎంత బాగా చెప్పిందో! "రాత్రి బాగా నిద్రపట్టిందా?" అని అడిగితే ఏమీ తెలియదంటుంది. పది గంటలు మెలకువ రాకుండా పడుకుంటే తప్ప నిద్రపట్టలేదనే మనిషి ఒకడుంటాడు, మధ్యమధ్యలో కాస్త కునుకు పడితే చాలనుకునే మనిషి ఇంకొకడుంటాడు. అయిదు రోజులు బొత్తిగా నిద్రలేక చనిపోయిన రోగి గురించీ, మధ్యలో ఒకటి రెండుసార్లు మెలకువ వచ్చిన రోగి గురించీ ఒకే జవాబు వచ్చిందట. అందుకే ఎన్ని గంటలు పడుకున్నాడు, రాత్రి ఏ వేళలో పడుకున్నాడు అని అడగమంటుంది.

దీన్ని డ్యూటీ మారేటప్పుడు నువ్వు తీసుకునే హ్యాండోవర్‌లో పెట్టి చూడు. పొద్దున్నే వెళ్ళి "రాత్రంతా ఓకేనా?" అన్నావనుకో, నైట్ డ్యూటీ పిల్ల "ఓకే మేడమ్" అనే అంటుంది. దానికి ఇంటికి పోయే తొందర, నీకు రౌండ్స్ టెన్షన్. అలా కాకుండా "ఆరో బెడ్ ఆయనకి యూరిన్ ఎంత వచ్చింది? సెలైన్ ఎన్నింటికి మార్చావు? ఎవరి విషయంలోనైనా నీ మనసుకి తేడాగా అనిపించిందా?" అని అడుగు. ఆ చివరి మాట అడిగాక కాసేపు నువ్వేం మాట్లాడకు. చార్టులో రాయనివి అప్పుడే బయటికొస్తాయి.

అదే పుస్తకంలో నిర్వహణ గురించి ఒక అధ్యాయం ఉంది. బాధ్యతలో ఉన్న మనిషి 'ఈ పని ఎప్పుడూ నేనే సరిగ్గా ఎలా చెయ్యాలి' అని కాదట, 'నేను లేనప్పుడు కూడా సరిగ్గా జరిగేలా ఏం ఏర్పాటు చెయ్యాలి' అని ఆలోచించాలట. అన్నీ నీ చేత్తోనే చెయ్యాలనుకునే స్వభావం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, కాబట్టి ఆ అధ్యాయం రెండుసార్లు చదువు.

ఎవర్ని అడగాలి అన్నది కూడా ముఖ్యమే. నా వార్డులో ఒక పెద్దాయన మూడు పూటలు అన్నం ముట్టలేదు. డైట్ షీట్‌లో మాత్రం భోజనం ఇచ్చినట్టే ఉంది. ప్లేట్లు తీసే ఆయమ్మని ఊరికే పలకరించి, "ఎలా ఉన్నారు మనవాళ్ళు?" అంటే అప్పుడు చెప్పింది: "ఆయన కుడిచేతికి సూది పెట్టారమ్మా, ఎడమచేత్తో తినడానికి సిగ్గుపడుతున్నాడు." ఆ క్యాన్యులా సూది ఎడమచేతికి మార్చాం, ఆ పూటే పెరుగన్నం తిన్నాడు. ఆయమ్మలు, వార్డుబాయ్‌లు చూసినన్ని విషయాలు నీ రిజిస్టర్లలో ఉండవు తల్లీ. వాళ్ళని పేరు పెట్టి పిలువు, రోజూ ఒకరినైనా ఏదో ఒకటి అడుగు.

రెండో పుస్తకం, ఎమీ ఎడ్మండ్‌సన్ 2018లో వేసిన 'ది ఫియర్‌లెస్ ఆర్గనైజేషన్'. 1990లలో హార్వర్డ్‌లో చదువుకుంటూ ఆవిడ ఆసుపత్రుల్లో నర్సుల టీముల మీద పరిశోధన చేసింది. మంచి టీముల్లో మందుల పొరపాట్లు తక్కువగా ఉంటాయని అనుకుంది. లెక్కలు చూస్తే తిరగబడి ఉన్నాయి, మంచి టీముల్లోనే ఎక్కువ కనిపించాయి. తరచి చూస్తే తేలిందేమిటంటే, అక్కడ పొరపాటు జరిగితే భయం లేకుండా చెప్పుకుంటున్నారు, మిగతాచోట్ల దాచేస్తున్నారు. నీ వార్డులో నెలంతా ఒక్క ఇన్సిడెంట్ రిపోర్టూ రాలేదంటే సంబరపడకు. పిల్లలు నిన్ను చూసి భయపడుతున్నారేమో కనుక్కో. ఎవరైనా వచ్చి తప్పు చెప్పుకుంటే, ముందు రోగి సంగతి చూసి, తర్వాత "చెప్పి మంచిపని చేశావమ్మా" అను. కసరడం మొదలుపెట్టావో, ఆ రోజుతో నీకు కబుర్లు ఆగిపోతాయి.

సర్జన్ అతుల్ గవాండే రాసిన 'ది చెక్‌లిస్ట్ మేనిఫెస్టో' కూడా చదువు. 2001లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ఐసీయూలో పీటర్ ప్రొనొవోస్ట్ అనే డాక్టరు, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే సన్నటి గొట్టం) వేసేటప్పుడు చెయ్యాల్సిన అయిదు పనులు కాగితం మీద రాశాడు. చేతులు కడుక్కోవడం లాంటి, అందరికీ తెలిసినవే. ముందు ఒక నెల డాక్టర్లని ఊరికే గమనించమని నర్సులకి చెప్పాడు. మూడోవంతుకి పైగా రోగుల విషయంలో ఏదో ఒకటి వదిలేస్తున్నారని తేలింది. అప్పుడు, ఎవరైనా ఒకటి వదిలేస్తే డాక్టర్నైనా ఆపే అధికారం నర్సులకి ఇప్పించాడు. లైన్ వేసిన పది రోజుల్లోపు వచ్చే ఇన్ఫెక్షన్లు 11 శాతం నుంచి సున్నాకి దిగాయి. నాకు ఇందులో గొప్పగా అనిపించేది ఆ కాగితం కాదు, ఆ నెలరోజుల గమనింపు, నర్సు నోటికి ఇచ్చిన విలువ. నీకు కొత్త రూల్ పెట్టాలనిపించినప్పుడల్లా ముందు కొన్నాళ్ళు ఇప్పుడేం జరుగుతోందో చూడు.

మన పక్కనే జరిగిన కథ కావాలంటే, మదురైలో 1976లో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి గురించిన 'ఇన్ఫినిట్ విజన్' ఉంది. పల్లెటూరి ఆడపిల్లల్ని తీసుకొచ్చి తర్ఫీదిచ్చి, ఆసుపత్రి పనంతా వాళ్ళ భుజాల మీద నిలబెట్టిన తీరు చూడు.

పాడ్‌కాస్ట్‌ల సంగతికొస్తే, ఎక్కువ పెట్టుకోకు. శంకర్ వేదాంతం 'హిడెన్ బ్రెయిన్' మనుషుల మనసుల గురించి, బస్సులో వినడానికి హాయిగా ఉంటుంది. అమిత్ వర్మ 'ది సీన్ అండ్ ది అన్‌సీన్'లో ఒక్కో సంభాషణ గంటల తరబడి సాగుతుంది, ముక్కలు ముక్కలుగా విను. అవతలివాళ్ళ చిన్నతనం నుంచీ ఎంత ఓపిగ్గా అడుగుతాడో గమనించు. తెలుగులో కథలూ రచయితల కబుర్లూ కావాలంటే 'హర్షణీయం' ఉంది. అది లీడర్ల కోసం చేసింది కాదు, అయినా వినమంటాను. కథలు విన్నవాళ్ళకి ఎదుటిమనిషి గోడు వినే ఓపిక వస్తుందని నా నమ్మకం. నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు మాత్రం ఏదీ వినకు, పడుకో.

నైటింగేల్ పుస్తకం నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, దానికి డబ్బు పెట్టకు. చెక్‌లిస్ట్ పుస్తకం నా దగ్గరుంది, వచ్చే వారం మీ అమ్మ చేత పంపిస్తాను. చదివాక మీ వార్డులో దేన్ని ముందు గమనించాలనుకుంటున్నావో నాకు రాయి.

మీ పెద్దమ్మ