తవ్వకాలు వద్దంటున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ మనసంతా అక్కడే ఉంది. మీ ఊరి దిబ్బల్లో నల్ల ఇసుక తవ్వడానికి కంపెనీ వస్తోందనీ, సర్వేవాళ్ళు సరుగుడు తోటల్లో రాళ్ళు పాతి వెళ్ళారనీ చెప్పావు. "ప్రజాభిప్రాయ సేకరణ రోజున ఊరంతా వెళ్ళి గట్టిగా అడుగుతాం పెద్దమ్మా, అప్పుడు చూద్దాం" అన్నావు. ఆ ఒక్క రోజు మీదే ఆశంతా పెట్టుకోవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఇ.ఐ.ఏ.) నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనులకి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు అక్కడి జనం మాట వినాలి. మీరందరూ ఆ ధైర్యంతోనే ఉన్నారు. కానీ 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని, ఆ దరఖాస్తుల్ని కేంద్రమే చూసుకుంటుందని అందులో ఉంది. మన తీరం ఇసుకలో దొరికే ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ అన్నిటినీ గనుల చట్టంలోని అణు ఖనిజాల జాబితాలోనే చేర్చారు. అంటే మీ ఊళ్ళో షామియానా వెయ్యకుండానే, ఎవరి చేతికీ మైకు ఇవ్వకుండానే అనుమతి వచ్చేయొచ్చు. అందుకే మీరు చెప్పదలుచుకున్నదేదో ఇప్పట్నుంచే కాగితం మీద పెట్టండి. స్టాంపు వేయించుకుని ఫైల్లోకి ఎక్కించండి. మీటింగులో అరిచిన అరుపు సాయంత్రానికి పోతుంది. ఫైల్లో ఉన్న కాగితానికి ఎప్పటికైనా ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి.

శ్రీకాకుళం జిల్లా సోంపేట సంగతి నీకు చెప్పాలి. అప్పటికి నువ్వు చిన్నపిల్లవి. బీల భూముల్లో థర్మల్ ప్లాంటు పెడతామన్నప్పుడు జనం రిలే నిరాహార దీక్షలు చేశారు, రోడ్లెక్కారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, మనుషుల ప్రాణాలు పోయాయి. సరిగ్గా అదే రోజున ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ళ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. బీల అంటే ఏడాదిలో చాలా నెలలు నీళ్ళు నిలిచే చిత్తడి నేల. చేపలూ పక్షులూ పైర్లూ అన్నీ దాని మీదే. కాగితాల్లో మాత్రం అది పనికిరాని నేల. అది చిత్తడి నేలేనని రుజువులతో చూపించడం వల్లే ఆ అప్పీలు గెలిచింది. జనం కదలకపోతే ఆ అప్పీలుకి బలం ఉండేది కాదు, నిజమే. కానీ అనుమతిని పడగొట్టింది మాత్రం నేల ఎలాంటిదన్న రుజువు. ఆ ప్రాణాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మీ ఊళ్ళో అంతదాకా రాకూడదు.

ముందు దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోండి. కేంద్రం పరివేష్ వెబ్‌సైటులో ప్రాజెక్టుల దరఖాస్తులూ, నిపుణుల కమిటీ మీటింగు ఎజెండాలూ, మినిట్సూ పెడతారు. సర్వే నంబర్లు పట్టుకుని వెతకండి. అక్కడ దొరకని వాటికి సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నట్టు రేషన్ కార్డు ఉన్నవాళ్ళ పేరు మీద పెడితే ఫీజు కూడా ఉండదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. తహసీల్దార్ ఆఫీసు నుంచి అడంగల్ (ఊరి భూముల రికార్డు) నకళ్ళు తీసుకోండి. ఎవరిది పట్టా, ఎవరిది డి-పట్టా (ప్రభుత్వం ఇచ్చిన భూమి), ఏది పోరంబోకు అన్నది మీకే స్పష్టంగా తెలియకపోతే రేపు కంపెనీ చెప్పిందే లెక్క అవుతుంది.

ఇ.ఐ.ఏ. రిపోర్టు చేతికొస్తే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి చదివి నీరసపడకు. నేరుగా ఆ భూమి ఇప్పుడు ఎలా ఉందో వర్ణించిన చోటుకి వెళ్ళు. "వృక్షసంపద అంతగా లేదు", "చేపలవేట తక్కువ", "జనావాసాలు దూరం" లాంటి వాక్యాలు ఎక్కడున్నాయో చూసి పెన్నుతో గీతలు గియ్యి. ఆ ఒక్కో గీత పక్కనా మీ ఊరి రుజువు ఒకటి పెట్టాలి. శాంపిళ్ళు ఏ నెలలో తీశారో కూడా చూడు. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం దాటాక సర్వే చేసి తాబేళ్ళు కనబడలేదని రాస్తే దానికి విలువేముంటుంది?

ఇక రుజువుల సంగతి. "మా ఊరు అందమైనది, పాడు చెయ్యకండి" అని రాసే అర్జీల మీద నాకు నమ్మకం లేదు. అందం మనకి కనిపిస్తుంది, ఢిల్లీలో ఫైలు చూసేవాడికి కనబడదు. ఆ అందం వెనక ఏం పని జరుగుతోందో చూపించాలి. పొద్దున్నే ఒడ్డు మీద నిలబడి అలివి వల లాగుతున్నప్పుడు వెళ్ళి నిలబడు. తాడు పట్టుకున్నవాళ్ళు ఎంతమంది, వల ఎక్కడ మొదలై ఎక్కడ ఒడ్డుకి చేరింది, ఆ రోజు చేప ఎంతమందికి పంచారు, ఎవరు తట్టల్లో మోసుకెళ్ళారు, అంతా తేదీతో రాయి. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఫోటో తియ్యి. మెత్తగా, వాలుగా ఉండే ఒడ్డు లేకపోతే అలివి వల లాగడం కుదరదు. ఈ సంగతి రిపోర్టు రాసినవాళ్ళకి తట్టదు, మీరే చెప్పాలి. ఇలా నెలల తరబడి రాసిన నోట్‌బుక్కు ఒకటి ఉంటే అదే మీకు పెద్ద బలం.

నీళ్ళ గురించి మరీ జాగ్రత్తగా రాయి. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న నూతుల్లో తియ్యటి నీళ్ళెందుకు ఉంటాయో ఊళ్ళో చాలామందికి తెలుసు గానీ ఎవరూ కాగితం మీద పెట్టరు. వాన నీరు దిబ్బలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలబడితే, దాని కింద దగ్గర దగ్గర నలభై అడుగుల మంచినీరు ఉంటుందని భూగర్భ జల శాస్త్రం చెప్పే లెక్క. దిబ్బ తీసేసి పైన మంచినీటి మట్టం ఒక్క అడుగు తగ్గించినా కింద నుంచి ఉప్పునీరు దగ్గర దగ్గర నలభై అడుగులు పైకి వస్తుంది. తవ్విన ఇసుకలో ఖనిజం తీసుకుని మిగతాది మళ్ళీ పోస్తాం, మొక్కలు నాటుతాం అని కంపెనీ అంటుంది. పోసిన ఇసుక పాత దిబ్బంత ఎత్తు ఉంటుందా? మొగలి పొదలూ బాలబండి తీగలూ ఏళ్ళ తరబడి పట్టి ఉంచిన పట్టు దానికి వస్తుందా? హుద్‌హుద్, తిత్లీ తుఫానులు చూసిన తీరం మనది. ఈ ప్రశ్నలే అర్జీలో అడగండి. ఊళ్ళో కొన్ని నూతులు ఎంచుకుని, నెలకోసారి తాడు వేసి నీటిమట్టం కొలిచి రాసిపెట్టండి. నీళ్ళు సీసాలో పట్టి, ప్రభుత్వ ల్యాబులో ఉప్పు శాతం పరీక్ష చేయించండి. ఇప్పుడు కొలవకపోతే, రేపు నూతులు ఉప్పెక్కాక "ముందునుంచీ ఇంతే" అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) మ్యాపు కూడా తెప్పించుకో. 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లో ఇసుక దిబ్బల్ని, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లని అతి సున్నితమైన ప్రాంతాల్లో చేర్చారు. మీ దిబ్బలు ఆ మ్యాపులో ఉన్నాయా, లేక ఖాళీ స్థలంలా వదిలేశారా చూడండి. వదిలేసి ఉంటే ముందు దాని మీద అభ్యంతరం రాయండి. అణు ఖనిజాలకి ఆ నిబంధనల్లో మినహాయింపు ఉంది, కాబట్టి మ్యాపు ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. అయినా దిబ్బ దిబ్బగా రికార్డులో ఉంటే దాన్ని చూడనట్టు దాటెయ్యడం కమిటీకి కష్టమవుతుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గూళ్ళ లెక్క అటవీ శాఖ దగ్గర అడగండి.

గ్రామసభ తీర్మానం తప్పకుండా చేయించండి. కానీ అదొక్కటే ఆపేస్తుందని ఎవరికీ ఆశ పెట్టకు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒడిశాలోని నియమగిరి కొండల్లో పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, అది ఆగింది. అక్కడ వాళ్ళకి అటవీ హక్కుల చట్టం అండ ఉంది. మీ తీరంలో పరిస్థితి వేరు. ఇక్కడ తీర్మానం ఒక గట్టి సాక్ష్యం, అంతే. తీర్మానం పుస్తకంలో సంతకాలూ వేలిముద్రలూ పడ్డాక అక్కడికక్కడే ఫోటో తీసుకోండి, తర్వాత సర్టిఫైడ్ కాపీ అడిగి తీసుకోండి. సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరుకి ఇచ్చిన ప్రతి అర్జీకీ రసీదు ఉండాలి. మిగతా ఆఫీసులకి స్పీడ్ పోస్టులో పంపండి.

నాకు అన్నిటికన్నా బెంగగా ఉన్నది మీ ఊరి లోపలి సంగతి. జీడితోట ఉన్నవాడికి నష్టపరిహారం కనిపిస్తుంది, వల తప్ప ఇంకేమీ లేనివాడికి ఏమీ కనిపించదు. వీళ్ళిద్దరి మధ్యే ఊరు చీలుతుంది. కొడుక్కి ఉద్యోగం ఇస్తామంటే సరేనన్న తండ్రిని అమ్ముడుపోయాడని నలుగురిలో అనకండి. ఆయన అప్పు ఆయనది, ఆయన భయం ఆయనది. ఒక్కసారి ఆ మాట పడితే ఆ ఇల్లు ఇక మీతో కలవదు. దానికి బదులు ఆయన్నే ముందు పెట్టి, ఎన్ని ఉద్యోగాలు, పర్మినెంటువా కాంట్రాక్టువా, ఎంతకాలం, తవ్వకం అయిపోయాక ఏంటి అని కంపెనీని రాతపూర్వకంగా అడిగించండి. జవాబు వస్తే అందరూ చదువుతారు. రాకపోతే ఎందుకు రాలేదో ఆయనకే అర్థమవుతుంది. కులపెద్దలతో మాట్లాడకుండా కుర్రాళ్ళు కమిటీ వెయ్యకూడదు. చేపలు అమ్మే ఆడవాళ్ళు లేని కమిటీ అయితే అసలే వద్దు. నూతి నీళ్ళ రుచి మారితే ముందు తెలిసేది వాళ్ళకే. చందాలు వసూలు చేస్తే ప్రతి రూపాయీ లెక్క రాసి రామమందిరం గోడకి అంటించండి. డబ్బు దగ్గర అనుమానం వస్తే ఉద్యమం అక్కడే ఆగిపోతుంది.

ఒకవేళ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే దాన్ని బహిష్కరించొద్దు. కనీసం ఇంతమంది రావాలన్న కోరం అనేది లేదు. మీరు వెళ్ళకపోయినా మీటింగు జరిగినట్టే లెక్క. ముప్పై రోజుల ముందు నోటీసు రావాలి, రిపోర్టు సారాంశం తెలుగులో దొరకాలి. లేకపోతే ఆ మాట అప్పుడే రాసి ఇవ్వండి. మాట్లాడేవాళ్ళందరూ ఒకే మాట చెప్పకుండా ఒకరు నీళ్ళు, ఒకరు వల, ఒకరు తుఫాను అని పంచుకోండి. ముందు వరసల్లో ఎక్కడినుంచో తీసుకొచ్చిన మనుషులుంటారు, వాళ్ళతో గొడవపడకండి. మాట్లాడింది కాగితం మీద కూడా ఇచ్చి నంబరు వేయించుకోండి. చాలామంది తమ మాట అయిపోగానే ఇంటికి వెళ్ళిపోతారు. మీరు వెళ్ళకండి. చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలని నోటిఫికేషన్‌లోనే ఉంది. మీరు చెప్పింది అందులో లేకపోతే లేచి అడగండి. కలెక్టరో, ఆయన తరపున వచ్చిన అధికారో అదే రోజు వాటి మీద సంతకం పెట్టాలి. వీడియో కూడా తీస్తారు, దాని కాపీకి మర్నాడే అర్జీ పెట్టండి.

అనుమతి వచ్చేసిందని తెలిస్తే ఏడుస్తూ కూర్చోవద్దు. పర్యావరణ కేసులు చూసే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్‌కి చెన్నైలో ఉన్న దక్షిణ బెంచిలో అప్పీలుకి ముప్పై రోజులే గడువు. సరైన కారణం చూపిస్తే ఇంకో అరవై రోజులు ఇస్తారు. ఆ తర్వాత ఇక వినరు. అందుకని పరివేష్‌ని వారానికోసారి చూసే పని ఒక్కరికి అప్పజెప్పండి. లాయర్ని ఇప్పుడే చూసిపెట్టుకోండి.

కుర్రాళ్ళకి నా మాటగా చెప్పు. సర్వే రాళ్ళు పీకొద్దు, జీపుల మీద చెయ్యి వెయ్యొద్దు. ఒక్క కేసు పడితే పాస్‌పోర్టు దగ్గర ఆగిపోతారు. గల్ఫుకో, ఓడ పనికో వెళ్దామనుకున్న పిల్లాడి బతుకు ఏళ్ళ తరబడి కోర్టు వాయిదాల చుట్టూ తిరుగుతుంది. ఊరిని భయపెట్టాలనుకునేవాళ్ళకి ఆ కేసులే కావాలి. సర్వేవాళ్ళు వస్తే ఆడవాళ్ళూ పెద్దలూ ఎదురెళ్ళి ఆర్డరు కాపీ చూపించమని మర్యాదగా అడగండి. అడిగిందంతా వీడియో తియ్యండి.

ఈ వారంలో మూడు పనులు చెయ్యి. సర్వే నంబర్లు రాసుకో, నూతుల్లో నీటిమట్టం కొలిచి రాయి, సమాచార హక్కు అర్జీ పోస్టు చెయ్యి. అర్జీ రాశాక పంపేముందు నాకొకసారి వాట్సాప్‌లో పెట్టు, భాష సరిచేసి ఇస్తాను. రసీదులన్నిటి కాపీలూ ఒక సెట్టు నా దగ్గర ఉండాలి, ఒక సెట్టు మీ ఊరి బయట ఇంకొకరి దగ్గర ఉండాలి. వచ్చే నెల నేనే వస్తాను. అలివి వల వేసేవాళ్ళతో, చేపలమ్మే ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడేలా చూడు.

మీ పెద్దమ్మ