గుర్రం నడక దిద్దే మాస్టారిని వెతికే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెదవాల్తేరు నుంచి పెదనాన్న ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. ట్రాట్‌లోకి, అంటే నడకకూ దౌడుకూ మధ్య వేగంలోకి, రాగానే గుర్రం తల పైకెత్తి పరుగు లంకించుకుంటోందని, ఎడమవైపు తిప్పితే బిగుసుకుపోతోందని రాశావు. విశాఖలో ఇప్పుడున్న మాస్టారి బదులు మంచి రైడింగ్ మాస్టారు ఎవరని అడిగావు. పేరు చెప్పను. చెబితే రేపే ఫీజు కట్టేస్తావు, నీ తొందర నాకు తెలియనిది కాదు. ఎలా ఎంచుకోవాలో చెబుతాను, ఎవరన్నది నువ్వే తేల్చుకో.

మాస్టారి కంటే ముందు పశువైద్యుణ్ణి పిలిపించు. గుర్రానికి పళ్లు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పైకి వస్తూనే ఉంటాయి. దవడపళ్ల అంచులు పదునెక్కి, పైవి బుగ్గను, కిందివి నాలుకను కోస్తాయి. అలాంటి నోట్లో కళ్లెం కదిలితే ఏ గుర్రమైనా తల ఎత్తుతుంది. తర్వాత జీను చూడు. తెల్లవారుజామున కాసేపు తిప్పి, జీను తీసి వీపు పరిశీలించు. చుట్టూ చెమట పట్టి, మధ్యలో అరచేయంత మేర పొడిగా మిగిలిందంటే అక్కడ జీను నొక్కుతూ ఉండవచ్చు. ఎండెక్కాక చూస్తే లాభం లేదు, మన ఉక్కకు వీపంతా తడిసి ముద్దవుతుంది. గిట్టలు చెక్కించి నాడాలు కొట్టించడం ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి జరగాలి. వచ్చిన మొదటిరోజే ఈ మూడింటి గురించీ అడిగిన మాస్టారికి అక్కడికక్కడే సగం మార్కులు వేసెయ్. ఏమీ అడగకుండా "గుర్రం మొండిది, నేను దారికి తెస్తాను" అన్నవాడికి టీ ఇచ్చి పంపించెయ్.

ఆ తర్వాత గుర్రాన్ని శాలలోనే ఉంచి, నువ్వొక్కదానివే వెళ్లి ఆయన ఇతరులకు పాఠం చెబుతుంటే చూడు. ఋతుపర్ణుడి అశ్వశాలలో బాహుకుడి వేషంలోని నలుడు పైమెరుగులు చూడకుండా బక్క గుర్రాలను ఏరుకున్నట్టు, నువ్వూ ఆయన బూట్లను, గోడ మీది ఫోటోలను పక్కన పెట్టి గుర్రాలను మాత్రమే చూడు. పెదవుల మూలల్లో పుండ్లున్నాయా? పక్కల మీద స్పర్ (బూటు మడమకు తగిలించే ముల్లు) గీతలున్నాయా? పాఠం ముగిసేసరికి తోక వదులుగా ఊగుతోందా, అటూ ఇటూ కొట్టుకుంటోందా? వీలైతే సైసుతో, అదే గుర్రాలను చూసుకునే మనిషితో, మాట కలుపు. ఎవరి పాఠం తర్వాత గుర్రం దాణా ముట్టదో అతనికే బాగా తెలుసు.

ఇంకో పరీక్ష చెబుతాను, దీనికి ఖర్చు లేదు. ఆటు వేళ గట్టిపడిన తడి ఇసుక మీద గుర్రాన్ని పగ్గాలు వదులుగా ఇచ్చి నడిపించు. పొడి ఇసుకలోకి మాత్రం తీసుకెళ్లకు, అది కాలి టెండన్లను (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లను) లాగేస్తుంది. తర్వాత దిగి అచ్చులు చూడు. వెనక గిట్ట, అదే పక్క ముందు గిట్ట అచ్చును దాటి పడాలి. నీ గుర్రానికి ఇప్పుడు ఎంత దాటుతోందో, లేక వెనకే పడుతోందో బెత్తెలతో కొలిచి రాసుకో. పాఠాలు మొదలైన నెలకు మళ్లీ కొలువు. వీపు వదులై, వెనక కాళ్లు ఒంటి కిందికి వస్తుంటే ఆ దూరం పెరుగుతుంది. తగ్గిందంటే మాస్టారు ఎంత తియ్యగా మాట్లాడినా మానెయ్యవచ్చు.

అసలు తగాదా తల దగ్గరే వస్తుంది. జర్మన్లు ఈ విద్యకు ఒక వరుస పెట్టారు: ముందు లయ, తర్వాత వదులుదనం, ఆ తర్వాతే కళ్లెంతో స్పర్శ, వెనక కాళ్ల నుంచి వచ్చే ఊపు, తిన్నదనం, చిట్టచివర కూడిక, అంటే బరువును వెనక కాళ్ల మీదికి తీసుకుని ఒళ్లు కూడదీసుకోవడం. మెడ వంపు తనంతట తాను వచ్చేది, లాగి తెచ్చేది కాదు. మొదటి పాఠంలోనే అదనపు పగ్గాలు కట్టి గడ్డాన్ని గుండెకు ఆనించే మనిషి ఫోటోకు పనికొస్తాడు, నీ గుర్రానికి పనికిరాడు. నుదురు నుంచి ముక్కు దాకా గీత గీస్తే అది నిలువుకు కాస్త ముందుండాలి. పైగా నీది రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్. పగ్గం బిగిస్తే ఇంకా ఉరకడమే దానికి తెలిసిన చదువు. దానికి పెద్ద వృత్తాలు, పదే పదే నడకలోకి దించి మళ్లీ ట్రాట్‌లోకి తేవడం, ఓపిక కావాలి.

పతకాలు గెలిచిన మాస్టారైతే మేలన్న మాట ఎత్తావు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ (గుర్రం నడకల తీరును, రౌతు మాట వినే తీరును చూసి మార్కులు వేసే పోటీ) జట్టు స్వర్ణం గెలిచింది. 1982 తర్వాత గుర్రపుస్వారీలో మనకు వచ్చిన తొలి స్వర్ణం అదే. ఆ నలుగురూ ఐరోపాలో ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లు. పతకం ఉన్న మనిషి దొరికితే సంతోషమే గానీ, గెలవడం వేరు, నేర్పడం వేరు. తాను ఎక్కి పది నిమిషాల్లో గుర్రాన్ని సరిచేసి, నీ చేతికిచ్చి వెళ్లిపోతే ఎల్లుండికి అది మళ్లీ మామూలే. నీ కూర్చోవడాన్ని, నీ చేతుల్ని సరిచేసే మనిషి కావాలి. రికాబులు తీయించి, మాస్టారు మధ్యలో నిలబడి పొడుగు తాడుతో గుర్రాన్ని పట్టుకుని నిన్ను గుండ్రంగా తిప్పితే చిన్నతనంగా భావించకు. ఎడమవైపు బిగుసుకుపోవడంలో నీ కుడిచెయ్యి వాటా ఎంతో అప్పుడే బయటపడుతుంది.

ఊళ్లో ఎవరూ కుదరకపోతే నలుగురు గుర్రాల యజమానులు కలిసి హైదరాబాదు నుంచి ఒకరిని నెలకు రెండు రోజులు పిలిపించుకోండి. రానుపోను ఖర్చు పంచుకుంటే భారం కాదు. మధ్యలో వీడియోలు పంపవచ్చు. ఫోనును మైదానం పొడుగు వైపు మధ్యలో నిలబెట్టి, రెండు వైపులా తిప్పినదంతా కత్తిరించకుండా పంపాలి. బాగా వచ్చిన ముక్కలే పంపితే ఆయన మెచ్చుకుంటాడు, అంతే. మే నెలలో పొద్దున్న తొమ్మిదికి పాఠం పెట్టేవాళ్లను మాత్రం ఒప్పుకోకు.

కుదిరాక మూడు నెలలు ఆయన మాటే విను. మధ్యలో ఇంకొకరిని అడిగి గుర్రాన్ని గందరగోళపెట్టకు. ఇప్పుడున్న మాస్టారికి మానేస్తున్నట్టు నువ్వే ఎదురుగా వెళ్లి చెప్పు, సైసుతో కబురు పంపకు.

ఆదివారం తెల్లవారకముందే మీ శాలకు వస్తాను. జీను వేసి ఉంచకు, నేను వచ్చి వీపు తడిమాక వేద్దువు గాని.

నీ
పెదనాన్న