హెల్మెట్ సరే, ఆ చుక్కల మందు ఏమిటి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు ఉంది. ఇన్నేళ్లూ చేతి షీల్డే వాడాను. ఇప్పుడు ఆటో డార్కెనింగ్ (వెలుగు పడగానే అద్దం దానంతటదే నల్లబడే) హెల్మెట్ కొందామనుకుంటున్నాను. ఎలాంటిది మంచిది? అప్పుడప్పుడు రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట లేస్తుంది. మెడికల్ షాపులో ఇచ్చే చుక్కలతో తగ్గుతుంది. నెల నుంచి కుడికన్ను కొంచెం మసకగా ఉంది.
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: హెల్మెట్ గురించి చెబుతాను. ముందు ఆ చుక్కలు ఆపండి.

రాత్రి మంటకు కారణం ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు నల్లగుడ్డు పైపొరను కాల్చడమే అయ్యుండొచ్చు. పని చేసేటప్పుడు ఏమీ తెలియదు, 6 నుంచి 12 గంటలకు బయటపడుతుంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో పొర మళ్లీ వచ్చి దానంతటదే మానుతుంది. మీరు మాత్రం ఆ ఘనత చుక్కలకు ఇస్తున్నారు. వేసిన నిమిషంలోనే మంట పోతే అది మత్తు చుక్క కావచ్చు. దాన్ని మేం కంటి డాక్టర్లం పరీక్షకు వాడతాం గానీ ఇంటికివ్వం, ఎందుకంటే పదేపదే వేస్తే పొర మానక పుండు పడుతుంది. సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. కంటి పరీక్ష లేకుండా నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లకోమా) రావచ్చు, శుక్లం కూడా రావచ్చు. నల్లగుడ్డుకు ఫంగస్ పట్టి ఉంటే అగ్గిలో గ్యాస్‌నూనె పోసినట్టే. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. ఇంత చదువూ లోకజ్ఞానమూ ఉన్నవాళ్లు కూడా డాక్టరు చీటీ లేకుండా చుక్కలు కొనడం బాధగా ఉంది.

చత్వారమైతే సాధారణంగా రెండు కళ్లకూ దగ్గరి చూపే తగ్గుతుంది. ఒక్క కన్నే మసకబారిందంటే రెండు మూడు రోజుల్లో చూపించుకోవాలి. ఉత్తరం చూసి నిర్ధారణ చేయలేను. కంటి ఒత్తిడి కొలిచి, మందుతో కంటిపాప పెద్దది చేసి రెటీనా చూడాలి. గ్రైండింగ్‌లో ఎగిరిన ఇనుప రవ్వ నొప్పి లేకుండానే కంటి లోపల ఉండిపోవచ్చు, కాబట్టి ఎక్స్‌రేగానీ సీటీగానీ అవసరం పడొచ్చు. రవ్వ లేదని తేలేదాకా ఎమ్మారై తీయించుకోవద్దు, దాని అయస్కాంతం రవ్వను కదిలించవచ్చు.

ఇక హెల్మెట్. కళ్ల ముందుండే అద్దం (ఫిల్టర్) అసలైనదైతే నల్లబడకముందు కూడా, బ్యాటరీ అయిపోయినా, అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఆపుతుంది. నల్లబడేది కళ్లు జిగేల్మనకుండా, తీవ్రమైన వెలుగు రెటీనాను దెబ్బతీయకుండా. అందుకే బ్యాటరీ పోయినా ఫర్వాలేదని పని చేయకండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 379 గుర్తు ఫిల్టర్ మీద, లేదా అమెరికా ప్రమాణం ఆన్సి జెడ్87.1 గుర్తు ఫిల్టర్ మీదా హెల్మెట్ మీదా వెతకండి, డబ్బా మీద కాదు. ఈఎన్ గుర్తులో అద్దం నాణ్యత చెప్పే అంకెలు 1/1/1/1 గానీ 1/1/1/2 గానీ ఉంటే మేలు. చివరి అంకె పెరిగితే పక్కనుంచి చూసినప్పుడు నలుపు సమానంగా ఉండదు. సెన్సర్లు నాలుగుండాలి. గేటు మూలలో పైపు అడ్డొచ్చి రెండు మూసుకుపోయినా మిగతావి పట్టుకుంటాయి. షేడ్ (నలుపు నంబరు) 9 నుంచి 13 దాకా మారేది తీసుకోండి. 3.15 ఎంఎం రాడ్డుతో 100–130 ఆంపియర్లకు 10 లేదా 11, 160 దాటితే 12. పని తర్వాత కళ్ల ముందు మచ్చలు ఆడుతుంటే ఒక నంబరు పెంచండి. మార్చుకోగలిగే బ్యాటరీ ఉన్నదే కొనండి. దుకాణంలోనే టీవీ రిమోట్‌ను సెన్సర్ల వైపు పెట్టి నొక్కితే చాలా హెల్మెట్లు నల్లబడతాయి. అలా కాకపోతే ఆర్క్ మీద చూపించమనండి.

ఎంత మంచిది కొన్నా, టాక్ (ముక్కలు నిలవడానికి వేసే చిన్న అతుకు) వేసేటప్పుడు పైకెత్తి కళ్లు మూసుకుంటే లాభం లేదు. హెల్మెట్ కింద పాలీకార్బనేట్ సేఫ్టీ గ్లాసులు కూడా పెట్టుకోండి, గ్రైండర్ రవ్వలకు అవే రక్ష. పైపు పట్టుకునే పిల్లగాడికీ సొంత షీల్డు కావాలి. కూలింగ్ గ్లాసులు చాలవు.

మళ్లీ మంట లేస్తే కళ్లు మూసి చల్లటి తడిబట్ట వేసుకోండి, నలపకండి. పారాసిటమాల్ మీకు పడితే వేసుకోవచ్చు. కళ్లలో పాలు, కళ్ల మీద ఆలుగడ్డ ముక్కలు వద్దు. 24 గంటల్లో తగ్గుముఖం పట్టకపోయినా, ఒక్క కన్నే నొప్పి పెట్టినా, చూపు మందగించినా ఆగకండి.

వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా బండి నడపడానికి తోడు ఒకరిని తీసుకెళ్లండి, కంటిపాప పెద్దది చేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది. ఆ చుక్కల సీసా కూడా వెంట ఉంచుకోండి, ఖాళీదైనా సరే.