ఖాళీ స్థలంలో ఆకుకూరలు: కాగితం ఎలా రాయాలి, పన్ను తగ్గుతుందా?

ప్రశ్న: మాది తెనాలి. మా కాలనీలో పన్నెండు సెంట్ల స్థలం తుమ్మలు మొలిచి పడి ఉంది. యజమాని అమెరికాలో ఉంటారు. మా పొదుపు సంఘం ఆకుకూరలు వేసుకుంటామంటే, తర్వాత ఖాళీ చేయరేమోనని వెనకాడుతున్నారు. సాగు చేస్తే ఆయనకు ఖాళీ స్థలం పన్ను తప్పుతుందా? మున్సిపాలిటీ సాయం చేయగలదా?

జవాబు: ఆయన భయంలో న్యాయం ఉందమ్మా. ‘కౌలు’ అని రాసుకుంటే కౌలుదారు హక్కులు వర్తిస్తాయన్న వాదన లేస్తుంది. మీకు కావలసింది ఈజ్‌మెంట్స్ చట్టం (ఇతరుల స్థలాన్ని వాడుకునే హక్కుల చట్టం) 52వ సెక్షన్ చెప్పే లైసెన్సు, అంటే అనుమతి పత్రం. అనుమతితోనే ఉన్నామని మీ సంతకం ఉంటే, యజమానికి వ్యతిరేకంగా 12 ఏళ్లు అనుభవించాం కాబట్టి స్థలం మాదేననే ‘అడ్వర్స్ పొసెషన్’ వాదన నిలవదు.

పైన ‘లైసెన్సు’ అని రాస్తే సరిపోదు. కోర్టు కాగితం పేరును కాదు, నడిచిన తీరును చూస్తుంది. గేటు తాళంచెవి ఒకటి యజమాని తరఫు మనిషి దగ్గర ఉండాలి. ‘అద్దె’ అని రసీదులు వద్దు. బోరు, పక్కా షెడ్డు అసలే వద్దు: అనుమతిని నమ్మి సొంత ఖర్చుతో శాశ్వత నిర్మాణం చేస్తే ఆ అనుమతిని రద్దు చేయడం కుదరదని అదే చట్టం 60వ సెక్షన్ చెబుతుంది. ఇక మీ వైపు చిక్కు: స్థలం అమ్మేస్తే కొన్నవారు ఈ అనుమతికి కట్టుబడక్కర్లేదు. కాబట్టి వంగ, మునగ కంటే నెలలో చేతికొచ్చే తోటకూర, పాలకూర మేలు.

పన్ను సంగతి. మున్సిపాలిటీల చట్టం, 1965, 85వ సెక్షన్ ప్రకారం ‘పూర్తిగా’ వ్యవసాయానికే వాడే స్థలాల మీద ఖాళీ స్థలం పన్ను ఉండదు. తగవంతా ఆ ‘పూర్తిగా’ దగ్గరే వస్తుంది. ఓ మూల ఇసుక కుప్పో, కారో ఉంటే మినహాయింపు అడగడం కష్టం. తానై మొలిచిన మొక్కలు సాగు కిందికి రావు, దున్ని, విత్తాలి. కూరగాయలూ వ్యవసాయమేనని సుప్రీంకోర్టు 1957లో ఆదాయపు పన్ను కేసులో చెప్పింది, దాన్ని ఉదహరించండి. అర్జీ యజమాని పేరుతోనే పెట్టాలి: అసెస్‌మెంట్ నంబరు, అనుమతి పత్రం, విత్తనాల బిల్లులు, దుక్కి నుంచి కోత దాకా తేదీలున్న ఫొటోలు జతచేసి, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ తనిఖీ కోరండి. ఉత్తర్వు వచ్చేదాకా ‘అభ్యంతరంతో’ అని రాసి పన్ను కడుతూనే ఉండాలి. ఆయన అమెరికా నుంచి పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున ఇక్కడ ఒకరు సంతకం చేసే అధికార పత్రం) పంపితే, ఇక్కడ అందిన మూడు నెలల్లో స్టాంపు వేయించండి.

ఇక మున్సిపాలిటీ సాయం సంగతి. ఈ స్థలానికి బదులు లేఅవుట్ పార్కు స్థలం మాత్రం అడగకండి. పార్కుకు వదిలిన జాగాను వేరే అవసరానికి మళ్లించకూడదని సుప్రీంకోర్టు 1991లోనే బెంగళూరు కేసులో తేల్చింది. మున్సిపాలిటీ నిజంగా చేయగల మేలు వేరే ఉంది: నమూనా అనుమతి పత్రాన్ని ఆమోదించడం, పంట పంటకూ తనిఖీ చేసి సాగు ధ్రువీకరణ ఇవ్వడం, తడిచెత్త ఎరువు ఇవ్వడం. ఈ మూడూ కోరుతూ మీ సంఘం కమిషనర్‌కు వినతి ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.