స్కాట్లాండ్‌లోని న్యూ లానార్క్ ఊరిని అంత లోతు లోయలో, నది పక్కనే ఎందుకు కట్టారు?

నీళ్ల కోసమే, తాగడానికి కాదు, అక్కడి నూలు మిల్లుల మెషీన్లు తిప్పడానికి. క్లైడ్ నది అక్కడ జలపాతాలుగా కిందకి దూకుతుంది, ఆ నీళ్లని రాయి తొలిచిన సొరంగంలోంచి కాలవలోకి మళ్లించి మిల్లుల పెద్ద పెద్ద చక్రాల మీదకి వదిలేవాళ్లు, చక్రం తిరిగితే పైఅంతస్తుల్లో నూలు వడికే మెషీన్లన్నీ తిరిగేవి. 1785లో కట్టడం మొదలైంది, కూలీలు దగ్గర్లోనే ఉండాలి కదా, అందుకే ఇళ్లు కూడా ఆ లోయలోనే వేశారు. ఆ కాలవనే చూడండి, మిల్లు 1968లో మూతపడినా అది ఇంకా మిల్లుల పక్కనే పారుతోంది, ఆ నీటితోనే టర్బైన్ తిప్పి కరెంటు తీస్తున్నారు, ఎంత గొప్ప పనో! ఇక ఊరు కట్టింది సంఘ సంస్కర్త రాబర్ట్ ఓవెన్ అని చాలామంది అనుకుంటారు, కాదండీ, ఆయన మామగారు డేవిడ్ డేల్. ఓవెన్ 1800లో మేనేజర్‌గా వచ్చి, 10 ఏళ్ల లోపు పిల్లల్ని పని మాన్పించి బడికి పంపాడు.