కంప్యూటర్ కీమో వద్దంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది వరంగల్. అమ్మకు 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. తర్వాత కీమో ఉంటుందనుకున్నాం. డాక్టరు గారు "మా ఏఐ సాఫ్ట్‌వేర్‌లో రిస్కు తక్కువ వచ్చింది, కీమో అక్కర్లేదు, మాత్రలు చాలు" అన్నారు. ఆ రిపోర్టు అడిగితే ఇవ్వలేదు. అమ్మకు క్యాన్సరని చెప్పలేదు, గడ్డ తీశారన్నాం, ఫారాల మీద నేనే సంతకం పెట్టాను. రేపు ఏదైనా అయితే బాధ్యత ఎవరిది?

జవాబు: మీరు అడిగింది మెషీన్ గురించి, దానికి వస్తాను. కానీ మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ సంతకం. అమ్మగారు స్పృహలో ఉన్నారు, చెబితే అర్థం చేసుకోగలరు. అలాంటప్పుడు ఒప్పుకోవాల్సింది ఆవిడే, కొడుకు కాదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన 44 ఏళ్ల మహిళకు, బయట కూర్చున్న తల్లితో ఊ అనిపించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం కానప్పుడు, పెద్దవయసు కూతురి తరఫున కన్నతల్లి ఒప్పుకున్నా చెల్లదని కోర్టు తేల్చింది. చికిత్స ఏమిటి, వేరే దారులున్నాయా, ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి తగినంతగా చెప్పాకే దాన్ని సమ్మతి అనాలని కూడా అదే తీర్పులో ఉంది. కీమో మానేయడం కూడా ఒక చికిత్స నిర్ణయమే. తట్టుకోలేదేమోనన్న మీ భయం అర్థమవుతుంది, ఇలా దాచిన కుటుంబాలను చాలా చూశాను. అయినా ముందు అమ్మకు చెప్పండి, డాక్టరు చేతే చెప్పించండి.

ఇక ఏఐ సంగతి. చట్టం ముందు సాఫ్ట్‌వేర్ డాక్టరు కాదు. రిజిస్ట్రేషన్ ఉన్నది డాక్టరుకు, ప్రిస్క్రిప్షన్ మీద సంతకం ఆయనది, కాబట్టి "కంప్యూటర్ చెప్పింది" అనేది ఆయనకు రక్షణ కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఏఐ మీద మనిషి పర్యవేక్షణ ఉండి తీరాలంటాయి. అవి చట్టం కాదు గానీ వినియోగదారుల కమిషన్ ముందు వాదనకు పనికొస్తాయి.

అలాగని కీమో వద్దన్నారు కాబట్టి తప్పు జరిగిందని అనుకోకండి. తొలి దశలో, హార్మోన్ రిసెప్టర్లు పాజిటివ్ ఉన్న, అంటే గడ్డ హార్మోన్ల వల్ల పెరిగే రకమైన చాలామందికి డాక్టర్లు మాత్రలతోనే సరిపెడతారు. సాటి నిపుణులు ఒప్పుకునే పద్ధతిలో నడిస్తే అది నిర్లక్ష్యం కాదని జాకబ్ మాథ్యూ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీరు చూడాల్సింది ఒకటే, డాక్టరు అమ్మ బయాప్సీ, ఐహెచ్‌సీ (గడ్డ ఏ రకమో, హార్మోన్ రిసెప్టర్లు ఉన్నాయో చెప్పే పరీక్ష) రిపోర్టులు స్వయంగా చూసి తన బుర్రతో నిర్ణయించారా, లేక స్కోరు చూసి ఊరుకున్నారా. వాట్సన్ ఫర్ ఆంకాలజీ అని క్యాన్సర్ చికిత్సకు సలహాలిచ్చే ఏఐ ఒకటి ఉండేది, ఐబీఎం వాళ్లది. మన బెంగళూరులోనూ వాడారు, 638 రొమ్ము క్యాన్సర్ కేసుల్లో 93 శాతం డాక్టర్ల బోర్డుతో ఏకీభవించిందని లెక్క వచ్చింది. 2018లో కంపెనీ లోపలి పత్రాలు బయటపడితే, కొన్ని సలహాలు సురక్షితం కావని, నిజం రోగుల కేసులకు బదులు కల్పించి రాసిన కేసులతో శిక్షణ ఇచ్చారని వాటిలో ఉంది. అందుకే మీ సాఫ్ట్‌వేర్ ఎలాంటి రోగుల వివరాల మీద తయారైందో డాక్టరును అడగండి, అడగడం తప్పేమీ కాదు.

ఈ వారమే అమ్మ సంతకంతో మెడికల్ సూపరింటెండెంట్‌కు దరఖాస్తు ఇవ్వండి. కేస్ షీట్, ఐహెచ్‌సీ, ట్యూమర్ బోర్డు (క్యాన్సర్ నిపుణులంతా కలిసి కేసు చూసే సమావేశం) చర్చ జరిగి ఉంటే దాని నోట్, ఆ ఏఐ రిపోర్టు, అన్నీ అడగండి, ఇచ్చినట్టు కాపీ మీద స్టాంపు వేయించుకోండి. 2002 వైద్య ప్రవర్తన నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. దాన్ని బట్టే నిర్ణయించామని డాక్టరే అన్నారు కాబట్టి ఏఐ రిపోర్టు కూడా రికార్డులో భాగమేనని నా వాదన. కీమో ఎందుకు వద్దో రెండు ముక్కలు కేస్ షీట్‌లో రాయమనండి. తీసిన గడ్డ ముక్కలు భద్రపరిచిన బ్లాకులు, స్లైడ్లు తీసుకుని హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జేలోనో మరోచోటో రెండో అభిప్రాయం తీసుకోండి. ఇది మాత్రం ఆలస్యం చేయొద్దు, కీమో అవసరమే అయితే ఆపరేషన్ తర్వాత మరీ లేటు కాకూడదంటారు డాక్టర్లు.

నిజంగా నష్టం జరిగితే? డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నారు కాబట్టి మీరు వినియోగదారులే, 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచీ ఇందులో అనుమానం లేదు. ఫిర్యాదు డాక్టరు మీద, ఆసుపత్రి మీద కలిపి వేయాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నియంత్రణ కిందికి వచ్చింది, 2019 వినియోగదారుల చట్టంలో ఉత్పత్తి లోపానికి తయారీదారు బాధ్యత అనే అధ్యాయం ఉంది, ఈ రెండూ పట్టుకుని కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చి వాదించవచ్చు. ఆ దారి ఇంకా కొత్తది, అందుకే నేనైతే కేసు బరువంతా డాక్టరు, ఆసుపత్రి మీదే పెడతాను. గడువు రెండేళ్లు. స్టాంపు వేసిన ఆ దరఖాస్తు కాపీని, మీరు సంతకం చేసిన ఫారాల కాపీలను ఒకే ఫైలులో పెట్టి నాకు చూపించండి.